మగ్గం దగ్గర పిల్లికూతలు

జూన్ 4
మళ్ళీ పిల్లికూతలు. పొద్దున మగ్గం మీద కూర్చున్నానో లేదో, ఛాతీలో ఎవరో సన్నగా ఈల వేస్తున్నారు. పక్క మగ్గం మీద మా ఆయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపి విన్నాడు.
"పట్టు నూగు నీకు పడలేదు మే. ఈ పడుగు అయిపోయినాక నీ మగ్గం తీసేద్దాం."
తీసేస్తే మిగిలేది మగ్గం కింది గుంత. ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటేనే నాకు నేనున్నట్టు ఉంటుంది. మళ్ళీ నాడె విసిరాను. లోపల మాత్రం భయం.

జూన్ 5
పడుకోబోయే ముందు అత్త మిరియాల కషాయం తెచ్చింది, రోజూలాగే. "దగ్గు దిగుతాది, తాగు." తాగి పడుకున్నా. కాసేపటికి గొంతులోకి పుల్లగా… కషాయానికి పులుపెక్కడిది?

జూన్ 9
ధర్మవరంలో రైలెక్కాం. హిందూపురంలో డాక్టరమ్మ దగ్గరికి.
పెనుకొండ కొండ ఎండలో తేలుతోంది. కూర్చునే నిద్రపోయాను. కలలో కొండ మీది నుంచి మా వీధి దాకా పడుగు పరిచి ఉంది, ఎర్రగా. దాని మీద నడుస్తున్నా. ఒక్క పోగూ తెగడం లేదు. ఆయాసమే లేదు.
"దోవంతా దగ్గలేదు నువ్వు, చూసుకున్యావా?" అన్నాడు ఆయన, దిగేటప్పుడు. చూసుకోలేదు.

జూన్ 9, సాయంత్రం
ఊపిరి గురించి కన్నా తిండి గురించే ఎక్కువ అడిగింది డాక్టరమ్మ. ఎప్పుడు తింటావు, తిని ఏం చేస్తావు… ఏం చేస్తాను? సంగటి తిని చెయ్యి కడుక్కుని నేరుగా మగ్గం మీదికి. మా వీధిలో అందరమూ అంతే. నేసిన చీర చుట్టుకునే కర్రకు పొట్ట ఆనించి ముందుకు వంగడమే. రాత్రికి కషాయం, వెంటనే పడక.
"కడుపులో పులుపు పైకి తంతాండాదమ్మా. గొంతు దాకా వస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. నీకు ఉబ్బసం ఉండాది, దాన్ని ఇది ఎగదోస్తాండాది."
"మరి పట్టు నూగు?" అని ఆయన.
"అదీ కావచ్చు. ముందు ఇది సరిచేసి చూద్దాం."
ఊపిరికి పీల్చే మందు ఇచ్చింది, అది మానకూడదట. తినేముందు మాత్ర. తిన్నాక వంగకూడదు, పడుకోకూడదు. మిరియాలు బంద్.
మగ్గం మానమని అనలేదు. ఆ అనని మాటనే ఇంటిదాకా బెల్లంముక్కలా చప్పరిస్తూ వచ్చాను.

జూన్ 10
పులుపు పైకి రాకుండా, డాక్టరమ్మ చెప్పినట్టే మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు. పడుకుంటే ఇల్లంతా మెల్లగా కాళ్ళ వైపు జారుతున్నట్టుంది. బాగుంది.

జూన్ 11
అత్త మళ్ళీ గ్లాసుతో వచ్చింది. ఆయన వైపు చూశాను. డాక్టరమ్మ మిరియాలు వద్దనిందని ఆయనే చెప్పాడు.
"అయితే నేనే తెచ్చినానా ఆ దగ్గు?" అంది.
ఏడుపొచ్చింది నాకు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నా. అత్త గ్లాసులోకి చూసి, తనే తాగేసింది. "పారబోస్తే మిరియాల ఉసురు తగులుతాది."

జూన్ 20
పరగడుపున నేత. తిన్నాక అరుగు మీద ఊరికే కూర్చోవడం. వీధిలో అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు, నాది తప్ప. కళ్ళు మూసుకుంటే చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి.

జూన్ 28
నిన్నంతా పిల్లికూతలు లేవు. లేవని రాయడానికే భయం.

జూలై 3
పడుగు అయిపోయింది. చివరి చీర కోశాం. ఆయనే కొత్త పడుగు తెచ్చి నా మగ్గం మీద పెట్టాడు. "అతుకు, చూద్దాం."
పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగూ పోగూ అతుకుతున్నా. కిటికీలోంచి పడే ఎండలో నూగు బంగారంలా తేలుతోంది, ఎంత అందంగా ఉందో. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.
దగ్గు. చిన్నది… ఒక్కటే.
గొంతులో పులుపు లేదు. మరి, నూగా?
పక్క మగ్గం మీద నాడె ఆగింది. ఆయన వింటున్నాడు. నేనూ వింటున్నాను.