కొన్న ముల్లంగి ఊరగాయ

నాగిసా,

అన్నం కుక్కర్లో ఉంది. చేప వేడిచేసుకుని తిను. నీ డ్రమ్ము కర్రలు గుమ్మం దగ్గర పెట్టాను, మన జపాన్ వాళ్ల క్లబ్బుకొచ్చేటప్పుడు మర్చిపోకు.

నిన్న అక్కడ నా ముల్లంగి ఊరగాయను అందరూ మెచ్చుకుంటుంటే, "అమ్మా, అది కొట్లో కొన్నాం కదా!" అన్నావు. పక్కకి పిలిచి చెప్పొచ్చుగా అని ఒళ్లు మండింది. "ఈ జర్మనీలోనే పుట్టింది కదండీ, దీనికి మన జపనీస్ సరిగ్గా రాదు, ఏదో అనబోయి ఏదో అంది" అని నవ్వేశాను. క్లబ్బు నడిపే హిసాకోగారూ నవ్వారు. నువ్వు తల దించుకున్నావు.

రాత్రంతా నాకు తల కొట్టేసినట్టే ఉంది. నువ్వు వచ్చేలోపు ఆవిడకి నిజం చెప్పేస్తాను.

అమ్మ

డాక్టరు దగ్గర నా వచ్చీరాని జర్మన్‌ని నువ్వే సరిచేసి చెప్తావు. ఇన్నేళ్లలో ఒక్కసారీ నవ్వలేదు.