ఎద్దు ముట్టని నీళ్లు

బాబాయ్,

తాతయ్య మొన్న పోయాడు. డెబ్బై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ఎద్దు మూతి పెట్టని నీళ్లు తనూ తాగేవాడు కాదు. రంగుల ఫ్యాక్టరీ పక్కన తవ్వించిన కొత్త బావి నీళ్లను ఎద్దు ముట్టలేదు. నేను కరపత్రాలు చదివిన పొగరుతో, "పశువు చెబితే వింటావా తాతా? మూఢనమ్మకమంటే ఇదే!" అని అరిచాను. "సరేలేరా పండితుడా, నీ మాటే కానీ" అని నవ్వి గ్లాసెడు తాగాడు. నెల రోజులు అవే తాగాడు.

వయసైపోయి పోయాడంటున్నాడు నాన్న. ఆ నీళ్లు ఆపమని కాళ్లావేళ్లా పడితే, "పశువు మాట నమ్మొద్దన్నది నువ్వేగా!" అని నా నోరు మూయించాడు. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు బయల్దేరు. నాన్న నీ మాటొక్కటే వింటాడు. పొద్దుటి నుంచి చెల్లి కడుపు పట్టుకుని కూర్చుంది.

నీ అన్న కొడుకు