ఉగ్గుగిన్నెతో పోసిన ఆముదం

చిరంజీవి ఆనందరావుకు,

ప్రభువు నీడల నువ్వు సల్లగుండాలని దీవించి మీ అమ్మ సువార్తమ్మ రాసేది. ఇక్కడ మేమంత క్షేమం. ఉత్తరమంటే ఇట్ల మొదలుపెట్టాలె గనక ఆ మాట రాసిన. అది ఎంత నిజమో చదువుకుంట పోతే నీకే తెలుస్తది. ముందుగాల చివర చూడకు, నీకు చిన్నప్పటి సంది ఆ అలవాటున్నది.

మీ బాపు దగ్గు ఎట్లున్నదని అడిగినవు. దగ్గు తగ్గింది, నోరే తగ్గలే. పాలంపేట దిక్కు కోతలయినయి. నువ్వు లడాయికి పోయినకాడి నుంచి నీ క్లీనరు మొగిలయ్యనే నీ పాత లారీల వరంగల్‌కు వడ్లు తోలుతుండె. దాని వెనక మోత పోయిందా, వెనక ఇరుసు నడుమ గుండు, ఆ డిఫరెన్షియల్ల నూనె మార్చిండ్రా అని కూడ అడిగినవు. మార్చినం కొడుకా. ఎట్ల మార్చినమో జర ఓపికతోటి చదువు.

కొత్త నూనె ఇంటికి రానిదే కింది నట్టు ముట్టొద్దని నువ్వు నొక్కి రాసినవు. నేను మీ బాపుకు చదివి వినిపిచ్చిన కూడ. ఆయన వింటడా? బతుకంత ఎడ్లబండి తోలిన మనిషి. బండికి కందెన పెట్టాలంటే మొదలు పాతది గీకి, ఇరుసు తుడిచి, అప్పుడు కదా ఆముదంల గడ్డిబూడిద కలుపుకునేది. లారీకీ అట్లనే అనుకున్నడు. మొగిలయ్య నూనె తెస్తనని బస్సుల వరంగల్ పోయిండో లేదో, ఈయన లారీ కిందికి దూరి నట్టు విప్పిండు. నల్లగ, ఇనుపపొడి మెరుసుకుంట ఆఖరి బొట్టుదాక కారింది. దాన్నన్న ఉంచిండా అంటే, చెదలు పట్టయని దర్వాజలకు పూసి మురిసిండు.

మధ్యాహ్నం మొగిలయ్య ఉత్తచేతులతోటి వచ్చిండు. ఆయిలంత మిలిటరీకే పోతాందట, మీ కోసమే!

"అయ్యో ఏలియా మామా, ఎంత పని చేసినవే! ఇప్పుడు బండి కదిలిస్తే లోపలి పండ్లచక్రాలు పిండయితయ్" అని నెత్తి పట్టుకున్నడు.

ఆ మాట పూర్తి కాలేదు, లోపల సారమ్మ కేకేసింది. నీ పెండ్లానికి నెలలింకా నిండలే కొడుకా. మంత్రసాని సమ్మమ్మ ఉరికొచ్చి కడుపు తడిమి చూసింది, మొఖం పాలిపోయింది.

"బిడ్డ అడ్డం తిరిగింది సువార్తమ్మా, ఇది నా చేతుల లేదు. హనుమకొండ దవాఖానకు తీస్కపోతెనే తల్లన్న దక్కుతది."

మీ బాపు ఎడ్లను కడుతనని లేచిండు. "అవి చేరేసరికి తెల్లారుతది, అందాక ఈ పిల్ల ఉండదు" అన్నది సమ్మమ్మ. చూస్తే లారీ నూనె లేని ఇరుసుతోటి నిలవడ్డది.

అప్పుడు నాకు పురుటికని వండి పెట్టిన ఆముదం యాదికొచ్చింది. సారమ్మ ఒంటికి, బిడ్డ మాడుకు రాయాలని నేనే గింజలు దంచి, కాచి, కుండల దాచిన. కుండ తెచ్చి లారీ కాడ పెట్టిన.

"ఆముదంతోటి నడుస్తదా అత్తా?" అన్నడు మొగిలయ్య.

"నడుస్తదో లేదో నాకేం ఎరుక? ఏం లేనిదానికంటె నయం కాదార!"

పోసే రంధ్రం పక్కకున్నది, చెంబుతోటి పోస్తే అంత నేలపాలయితాంది. లోపలికి ఉరికి ఉగ్గుగిన్నె తెచ్చిన. నువ్వు తాగిన ఇత్తడి గిన్నెనే, నీ బిడ్డకని తోమి పెట్టిన. దాని ముక్కు ఆ రంధ్రంల సక్కగ పట్టింది. ఒక్కొక్క గిన్నె పోస్తాంటే లోపల సారమ్మ మూలుగు వినవడుతాంది. "బిడ్డ నెత్తికి రాసేది బండికి తాపుతున్నవా!" అని సమ్మమ్మ ఒర్రుతనే ఉన్నది. కుండ ఒడిసింది గని గుండు నిండలే.

లారీ వెనక వరిగడ్డి పరిచి సారమ్మను పండవెట్టినం. తొవ్వ సగం దాటిందో లేదో వెనక మోత ఊళైంది. మీ బాపు ఆత్రంల కింది నట్టు గట్టిగ బిగియ్యనట్టున్నది, ఆముదం కారుకుంట వచ్చింది. దీపం ఆరినప్పటి వాసన గుప్పుమన్నది. "జర ఆపి సల్లారనిస్త, లేకుంటే చక్రం పట్టేస్తది" అన్నడు మొగిలయ్య. సారమ్మ మూలుగు అప్పటికే ఆగింది. పిలిస్తే పలుకలే. "ఆపితే నా మీద ఒట్టు, పోనియ్యి! బండి పోతే పోనీ!" అని అరిచిన.

ఇగ నీకు చెప్పాల్నా వద్దా అని ఇప్పటిదాక ఆపుకున్న మాట. పుట్టినకాడి నుంచి ప్రార్థనల 'నీ చిత్తమే కానీ' అన్నదాన్ని. ఆ గడ్డిల సారమ్మ తల ఒడిల పెట్టుకొని ఆ మాట నోట రాలే కొడుకా. "నీ చిత్తం వద్దు, ఇయ్యాల నా చిత్తమే కావాలె, ఈ పిల్లను నాకియ్యి" అని దేవునితోటి కొట్లాడిన. పాస్టరుకు కూడ చెప్పలే. అది పాపమైతే నా మీదనే ఉండనీ.

లారీ దవాఖాన గేటు దాటి, కట్టుమని ఆగింది. మళ్ల కదల్లే, ఇంకా ఆ గేటు కాడనే ఉన్నది. పండ్లన్ని అరిగినయట. మీ బాపు రోజూ దాని పక్కన కూసుంటాండు, పిలిస్తే తప్ప బువ్వకు లేస్తలేడు. ఆయన్నేమనకు.

కోసి బిడ్డను తీసిండ్రు. ఆడపిల్ల, నీ ముక్కే. తల్లికి జరం పట్టుకొని మనిషి మనిషిల లేదు. అందుకే ఇన్నాళ్లు నీకు రాయలే, ఏమని రాయాలె? నిన్న పొద్దుగాల కండ్లు తెరిచింది. బిడ్డను పక్కల పెడితే చూసి ఏడ్చింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "బండిల ఆముదం పోసిన సంగతి ఆయనకు రాయకత్తా, తిడతడు" అన్నది.

నేను రాసిన. తిట్టాలంటే ఇంటికొచ్చి తిట్టు కొడుకా.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
మీ అమ్మ సువార్తమ్మ