మీ పేరు పక్కన

ఏమండీ,

మీరు పోయాక మనవడు నానక్‌రామ్‌గూడలో ఒక రసాయనాల కంపెనీలో చేరాడు. వాడికి మీ పేరే పెట్టినా నేను చిన్నా అనే పిలుస్తాను. భర్త పేరు నోట పలకని అలవాటు నాది. పేర్లు ఒకటే కావడంతో, మీరు కనిపెట్టిన రంగుల పేటెంట్లు రెండూ ఆఫీసువాళ్లు తమ వెబ్‌సైటులో వాడివిగా చూపించారు.

"తాతయ్యవే కదా నానమ్మా, బయటివాళ్లవా?" అని నవ్వాడు.

"నీకిచ్చింది పేరొక్కటే. ఇవాళే తీయించు," అన్నాను.

తీయించాడు. ఈ వారం వాడి సొంత పేటెంటు వచ్చింది. మళ్లీ మీతో కలిసిపోకుండా అందులో తన పేరుకు నా పేరు చేర్చుకున్నాడు. అచ్చుతప్పులు ఉన్నాయేమోనని కాగితం పట్టుకుని పైకి చదివాను. మీ పేరు పలకడం నాకదే మొదటిసారి.

సుభద్ర