మబ్బు రోజుల నీళ్ళు

మచిలీపట్నం

అత్తా,

ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

మీ డాబా మీద నేను పెట్టిన పెట్టె రాత్రంతా గాలిలో తేమ పీల్చుకుని, ఎండ తగిలాక నీళ్ళుగా వదులుతుంది. బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడే మన దివిసీమకి ఇదే దారని ఊరంతా చెప్పుకు తిరిగాను. గుడివాడలో పెట్టినవి మబ్బేస్తే మొరాయించేవి. కొలత చూసుకోవడానికి నేను వారం వారం వచ్చినప్పుడు, మీ పెట్టె నీళ్ళు పట్టి నువ్విచ్చే డబ్బా మాత్రం ఏ వారమైనా నిండుగానే ఉండేది. ఎందుకని ఒక్కసారైనా ఆలోచించానా? సముద్రపు గాలి మహిమ, మబ్బులోనూ పనిచేస్తుందని మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

మొన్న వరదలో మంచినీళ్ళ పడవ మీ గుమ్మం దాకా వస్తే, "మా ప్రియ మిషనుందయ్యా, లేనోళ్ళకివ్వండి" అని రత్నరాజు మావయ్య పంపేశారట. ఎండ లేదు. పెట్టె గ్లాసెడు నీళ్ళైనా ఇవ్వలేదు. ఆయన దాహానికాగలేక వరద కలిసిన బోరునీళ్ళు తాగి, వాంతులతో అవనిగడ్డ ఆసుపత్రిలో పడ్డారు. ఛీ, నాదీ ఒక చదువేనా! సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆసుపత్రి గేటు దాకా వచ్చి, మొహం చూపించలేక తిరిగొచ్చేశాను. పెట్టె విప్పి తెమ్మని మనిషిని పంపుతున్నాను. ఇక ఈ పరిశోధన నాకొద్దు.

నీ మేనకోడలు,
ప్రియ

~

ప్రియమ్మా,

దేవుడికి స్తోత్రం, మీ మావయ్య లేచి కూర్చున్నారు. జావ తాగి, నన్ను తిట్టారు కూడా. ముందు ఆ ఏడుపాపి ఇది చదువు.

మబ్బేసిన వారం నీ డబ్బాలో అడుగున కాసిని నీళ్ళే ఉండేవే. ఎవరి గిన్నైనా మనం ఖాళీగా తిరిగిస్తామా? పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెలో కూడా ఇంత పంచదారైనా వేసి పంపుతాం కదా. బస్సెక్కి అంతదూరం వచ్చిన పిల్లవి, నీ మొహం చిన్నబోతుందని మేం కొనుక్కునే క్యాన్ నీళ్ళు పోసి నింపేదాన్ని. దానికింత కథ ఉంటుందని నాకేం తెలుసు?

అదైనా పోనీ. వరదకి క్యాన్ల బండి కూడా రాలేదు, అయినా ఆయన పడవని పంపేస్తుంటే నేను వెనకే నిలబడి ఉన్నాను తల్లీ. నింపింది నేనేనని చెప్తే నీ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఆయన వాంతులు ఎత్తిపోస్తూ కూడా చెప్పలేకపోయాను. నిన్ననే చెప్పాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని ఒకటే దెప్పు. నా సిగ్గు ముందు నీదెంత?

నీ మనిషిని వెనక్కి పంపేశాను. పెట్టె విప్పనివ్వను. ఈ శనివారం నువ్వే రా. మబ్బు ఇంకా వీడలేదు. ఈసారి డబ్బా ఎలా ఉంటే అలాగే ఇస్తాను, ఖాళీదైనా సరే.

మీ అత్త,
కృపావతి