తొమ్మిది పసుపు పొట్లాలు

జూలై 20, ఆదివారం

ఉదయం 6.15. ఈ రోజు నుంచి నా జీవితం మారిపోతుంది! కొత్త నోటుబుక్కు కొన్నాను. రెండు వందల పేజీలు, గట్టి అట్ట. పెన్నులు మూడు: నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఇకమీద లిస్టు రాయకుండా ఏ పనీ చేయను. లిస్టులో లేనిది కొనను. లిస్టులో ఉన్నది మరచిపోను.

కారణం రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. పోయిన నెల ఎమ్మిగనూరులో మా తోడికోడలు మల్లేశ్వరక్క కొత్తింట్లో చేరింది. పెట్టాల్సిన పట్టుచీర ఆదోనిలో మా మంచం మీదే వదిలేసి పోయాను. నలభై మంది ముందు ఉట్టి ఆకూ వక్కా చేతిలో పెట్టాను. అక్క నవ్వి, "పోనీలే నవ్యా, నిన్ను నువ్వు మరిసిపోకుండా వచ్చినావు, అదే సాలు" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా!

10.30. అత్త పిలిచింది. మోకాళ్ల నొప్పులట. శ్రావణ మాసం మూడో సోమవారం, అంటే ఆగస్టు 11న, ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోవాలి. అక్కడే పొయ్యి పెట్టి శనగబేడలు, బెల్లంతో భక్ష్యాలు చేసి నైవేద్యం పెట్టడం మా ఇంటి మొక్కు. ముప్ఫై ఏళ్లుగా ఆ సరంజామా అంతా అత్త తలలోనే ఉంది. కాగితం ముక్క ఉండదు. మేము దర్శనం చేసుకుని వచ్చేసరికి భక్ష్యాలు తయారు. ఒక్కటంటే ఒక్క వస్తువు తగ్గిందని ఎప్పుడూ వినలేదు.

"ఈ యేడు నువ్వే సూసుకో నవ్యా. ఒగటి మరిస్తివా, వచ్చే యేటి నుంచి మల్లేశ్వరికి అప్పజెప్పేస్తా. మళ్ళా ఏడ్సాకు."

"ఏదన్నా తక్కువైతే అక్కడ కొనుక్కోవచ్చు కదా అత్తా?"

"దేవునికి పెట్టేది ఆడ అంగట్లో కొనేదానికి లేదు. ఇంటి సరుకే పొయ్యి ఎక్కల్ల. ఎవురన్నా సేతికిస్తే అది వేరే."

అలాగే. చూడు మల్లేశ్వరక్కా, చూడు!


జూలై 21, సోమవారం

మొదటి లిస్టు పూర్తి! నెల సరుకులు, ముప్ఫై రెండు రకాలు, నంబర్లతో సహా. అత్తకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చూసింది.

"పసుపు యాడుంది?"

"ఇంట్లో డబ్బా నిండా ఉంది కదా అత్తా."

"ఉంటే ఏమి? సరుకుల సీటీ పసుపుతోనే మొదలు పెట్టల్ల. ఆవాలతో మొదలు పెడతారా ఎవురన్నా?"

పైన ఖాళీ లేక మార్జిన్లో ఇరికించాను. 1. పసుపు. ఫొటో తీసి కిరాణా కొట్టు శేషన్నకు పంపాను. గంటలో ఆటోలో సరుకులు వచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు! పసుపు పొట్లం ఒకటి ఎక్కువ వచ్చింది, అంతే. పాడయ్యే వస్తువు కాదు.


జూలై 23, బుధవారం

ఒకే లిస్టులో అన్నీ ఉంటే గందరగోళం. విడగొట్టాను.
కూరగాయల లిస్టు.
టిఫిన్ల లిస్టు.
ఇంటి పనుల లిస్టు.
కుట్టు పనుల లిస్టు. (నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. అప్పటికి పద్నాలుగు ఇవ్వాలి.)

నాలుగింటికీ మొదట పసుపు. కుట్టు పనులకు ఎందుకని అడిగాను. "అది మాత్రం పని గాదా?" అంది అత్త.

సాయంత్రం శేషన్న ఫోను: "తల్లీ, పసుపు పంపిస్తాండా. జాకెట్ హుక్కులు, లైనింగు గుడ్డ మాత్రం మా అంగట్లో దొరకవు." పొరపాటున కుట్టు లిస్టు ఫొటో కూడా పోయింది. పసుపు తిప్పి పంపబోతే, "పసుపు వాపసు తీసుకోకూడదు తల్లీ, పైగా మంచి నెల వస్తాంది" అన్నాడు.


జూలై 26, శనివారం

టిక్ పెట్టడంలో ఉన్న సుఖం ఇంతకాలం నాకెవరూ చెప్పలేదు! పని చేయడం ఒక ఎత్తు, ఆకుపచ్చ పెన్నుతో టిక్ పెట్టడం ఒక ఎత్తు. అందుకని చేసేసిన పనులు కూడా రాసి టిక్ పెడుతున్నాను.

నిద్ర లేవడం ✓
ముగ్గు ✓
కాఫీ ✓
రెండో కాఫీ ✓

సాయిరాం తొంగి చూశాడు. మా ఆయన పత్తి మార్కెట్లో దళారీ. ఇప్పుడు మార్కెట్‌కు పత్తి రాదు కాబట్టి ఇంట్లో కూర్చుని నన్ను ఆటపట్టించడమే పని.

"ఊపిరి పీల్సుకునేది రాయలేదే?"

అదీ రాసి టిక్ పెట్టాను.


జూలై 30, బుధవారం

నోటుబుక్కు కనబడలేదు. నలభై నిమిషాలు వెతికాను. బియ్యం డబ్బాలో దొరికింది. కొలత గ్లాసు కోసం వెతుకుతూ అక్కడ పెట్టి ఉంటాను. ఏ లిస్టు ఎక్కడ ఉందో చెప్పే లిస్టు ఒకటి రాసి బీరువా తలుపుకు అంటించాను. దానికి కూడా మొదట పసుపే.

11.00. "పాలు పొంగకుండా చూడాలి" అని రాస్తూ ఉండగా పాలు పొంగాయి. అక్షరం దిద్దకుండా ఉంటే సరిపోయేది.


ఆగస్టు 3, ఆదివారం

పసుపు పొట్లాల లెక్క: ఆరు!! ఈ రోజు గట్టిగా నిలబడ్డాను. "పసుపు" అని రాసి పక్కన "వద్దు" అని రాశాను. అత్త ఆ చీటీ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పసుపు వద్దంటారా మే, ఎవురన్నా? శ్రావణ మాసంలో!"

"వద్దు" కొట్టేశాను. ఏడో పొట్లం సాయంత్రం నాలుగు గంటలకు వచ్చింది.


ఆగస్టు 6, బుధవారం

జాకెట్లు ఇంకా ఐదు మిగిలాయి. మాటలకు టైము లేదు.

10.20. కూరగాయల మార్కెట్ నుంచి సాయిరాం ఫోను.

"నవ్యా, మెడ లోతు ఆరున్నర అంటే ఏం కూర?"

"ఏమండీ, చీటీ తిప్పి చూడండి!"

కాగితం వృథా చేయకూడదని, టీచరమ్మ జాకెట్టు కొలతలు కూరగాయల లిస్టు వెనక రాశాను. నాది తప్పేం కాదు. చీటీకి రెండు వైపులు ఉంటాయని ఆయనకు తెలియాలి.

ఆయన ఆ చీటీని మార్కెట్లోనే పారేసి వచ్చాడు. టీచరమ్మను మళ్లీ పిలిచి కొలతలు తీసుకున్నాను. ఆమెకు చెప్పిన కారణం ఇక్కడ రాయను.


ఆగస్టు 9, శనివారం

వ్రతం బాగా జరిగింది. జాకెట్లన్నీ ఇచ్చేశాను. నడుము నొప్పి. ఈ రోజు లిస్టు లేదు. లిస్టుకు కూడా వారానికి ఒక సెలవు ఉండాలి. ఉరుకుంద లిస్టు రేపు రాస్తాను.

భయంగా ఉంది. నిజం చెప్పాలంటే చాలా భయంగా ఉంది. ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. మరచిపోయే కోడలు అన్న పేరు తప్ప నాకింకో పేరు రాలేదు. ఈ ఒక్క సోమవారం గట్టెక్కితే చాలు.


ఆగస్టు 10, ఆదివారం

మధ్యాహ్నం 3.00. ఉరుకుంద లిస్టులు నాలుగు! వంట, పూజ, పొయ్యి సామాన్లు, బట్టలు. ఏ లిస్టు సంచి దానిదే. నాలుగు లిస్టుల్లోనూ మొదట పసుపే కాబట్టి నాలుగు సంచుల్లోనూ పసుపు పెట్టాను. లిస్టు అంటే లిస్టే. ఇంట్లో ఉన్న తొమ్మిది పొట్లాలూ సర్దేశాను, గూడు ఖాళీ అవుతుందని.

4.30. ఎమ్మిగనూరు నుంచి మల్లేశ్వరక్క వచ్చింది. వస్తూనే నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పింది. "శానా పద్ధతిగా సేస్తాండావే!" అంది. మెచ్చుకుందో ఎగతాళి చేసిందో తెలియలేదు. ఆమె చూస్తుండగానే దర్జాగా ఒక్కొక్క దానికీ టిక్ పెట్టాను.

శనగబేడలు ✓ నెయ్యి ✓ ఏలకులు ✓ గోధుమపిండి ✓ బెల్లం ✓

(బెల్లం ఇంకా వంటింటి గూట్లోనే ఉంది. ఐదు నిమిషాల్లో సంచిలో పెట్టేస్తాను. అక్కకు కాఫీ పెట్టాలి ముందు.)

6.00. అన్నిటికీ టిక్! ఒక్క ఖాళీ లేదు!


ఆగస్టు 11, సోమవారం, ఉరుకుంద

ఉదయం 8.00. బస్సులో నిలబడే వచ్చాం. జనమే జనం. చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటించాను. అత్త చాప మీద కూర్చుంది. ఎందుకో మొదటి నుంచీ మమ్మల్ని తరుముతోంది. "మీరు పోయి దర్శనం లైన్లో నిలబడండి, నేను సూసుకుంటా." సాయిరాం పోయాడు. నేను కదల్లేదు. బాధ్యత నాది. అక్క కూడా కదల్లేదు. ఆమె నన్ను చూడ్డానికి వచ్చింది.

9.40. బేడలు మెత్తగా ఉడికాయి. అత్త, "బెల్లం తే" అంది. వంట సంచి తీశాను. లేదు. పూజ సంచి. లేదు. పొయ్యి సంచి, బట్టల సంచి కుమ్మరించాను. పసుపు. పసుపు. పసుపు. తొమ్మిది పొట్లాలు చాప మీద వరసగా పడ్డాయి. బెల్లం ఆదోనిలో గూట్లో ఉంది.

లిస్టు తీసి చూశాను. బెల్లం పక్కన ఆకుపచ్చ టిక్ నిగనిగలాడుతోంది.

అక్క పొట్లాలు లెక్కపెడుతోంది. ఒక మాట అంటే బాగుండేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తా, మరిచిపోయాను" అన్నాను. అత్త నా వైపు చూడకుండా పక్క పొయ్యి వైపు చూస్తోంది.

9.50. పక్క పొయ్యి దగ్గరి నుంచి ఒక పెద్దామె వచ్చింది. హొళగుంద నుంచి వచ్చారట, పేరు ఉచ్చీరమ్మ.

"పసుపుంటే రవ్వంత ఇయ్యవ్వా. మా కోడలు మరిసొచ్చింది. పిండి సూడు, సున్నం మాదిరుంది."

ఆమె కళ్లు చాప మీద పడ్డాయి. "ఏమవ్వా, పసుపంగడి పెట్టినావా?" అని నన్ను చూసి నవ్వింది. అంతలో అత్తను చూసింది.

"ఓ, ఈశ్వరమ్మా! నువ్వేనా! ఈ యేడు ఏం మరిసినావు?"

నేను అత్త వైపు చూశాను. అక్క అత్త వైపు చూసింది. అత్త ఆకాశం వైపు చూసింది.

ఉచ్చీరమ్మ ఆగితే కదా! "పోయినేడు నెయ్యి. అంతకు ముందు అట్లకాడ. ఒగ యేడు బేడలే మరిసొచ్చింది. పొయ్యి మీద ఉట్టి నీళ్ళు కాగుతాండాయి! మా పొయ్యి ఈమె పొయ్యి ఎప్పుడూ పక్కపక్కనే. ఈమె మరిసింది నా కాడుంటాది, నేను మరిసింది ఈమె కాడుంటాది."

అదన్నమాట! ప్రతి ఏడూ పొయ్యి అంటించగానే మమ్మల్ని దర్శనానికి తరిమేది అందుకన్నమాట!

అత్త చీర కొంగు సర్దుకుంది. "అవునే, మరిసినాను. మా అత్తకు తెలిసింటే నా సేతిలో నుంచి పెరుక్కునేది. అందుకే సెప్పలేదు. భయపడినా. ఏం, నాకు భయముండదా?"

ఉచ్చీరమ్మ పెద్ద బెల్లం ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను రెండు పొట్లాల పసుపు ఆమె చేతిలో పెట్టాను. కొన్నది కాదు, చేతికి ఇచ్చింది. కాబట్టి దేవుడికి పనికొస్తుంది. అవతలి పొయ్యి వాళ్లకూ పసుపు లేదట, ఒకటి ఇచ్చాను. వాళ్లు మాకు రెండు కొబ్బరికాయలు ఇచ్చారు. ఇంకో పొయ్యి వాళ్లు ఏమీ అడగలేదు, అయినా వాళ్లకూ ఒక పొట్లం ఇచ్చాను. అంత సంతోషంగా ఉంది.

11.45. భక్ష్యాలు! పొంగాయి! నైవేద్యం అయింది!

12.30. తింటూ తింటూ అక్క అడిగింది: "అయితే వచ్చే యేడు ఈ పని నాకియ్యవా అత్తా?"

"నీకెందుకియ్యల్ల? నువ్వు ఏదీ మరిసిపోవు. నీకు పక్క పొయ్యోళ్ళతో పనే పడదు. నవ్యే సూసుకుంటది."

అక్క మూతి ముడుచుకుని, ఇంకో రెండు భక్ష్యాలు ఎక్కువ తిన్నది. బస్సు ఎక్కేటప్పుడు నా చెవి దగ్గర, "ఉన్న మాట సెప్తా నవ్యా, నీ సీటీలు నాకూ నేర్పియ్యి" అంది.


ఆగస్టు 12, మంగళవారం

ఉదయం 6.15. ఈ రోజు నుంచి నా జీవితం మారిపోతుంది! కొత్త నోటుబుక్కు. (పాతది బస్సులో మరచిపోయినట్టున్నాను.) నియమం ఒక్కటే: పని చేశాకే టిక్. ముందు పెట్టను. ఐదు నిమిషాల్లో చేసేదైనా పెట్టను.

మొదటి లిస్టు, వచ్చే ఏడు ఉరుకుందకు. ఇంకా ఏడాది ఉంది, అయితే ఏం!

1. పసుపు
2. బెల్లం
3. బెల్లం (మళ్లీ)

మధ్యాహ్నం 2.00. స్నానం చేసి వచ్చేసరికి నోటుబుక్కు అత్త ఒళ్లో ఉంది. ఇంత వయసులో మొదటిసారి అత్త లిస్టులో ఏదో రాసింది. అక్షరాలు వంకరగా, పెద్దగా ఉన్నాయి.

4. ఉచ్చీరమ్మకు పసుపు, మంచిది.

నేను చూడగానే, "నాకూ ఒగ సీటీ రాసియ్యి మే, కండ్లద్దాల డబ్బీలో పెట్టుకుంటా" అని లోపలికి పోయింది.

నాలుగో నంబరు పక్కన టిక్ పెట్టాలని చెయ్యి లాగుతోంది. పొట్లం పక్కన పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అయినా ముందే టిక్ పెట్టను. నియమం అంటే నియమమే.

5.10. పెట్టేశాను.