సీటు కౌన్సెలింగు కాదు, మాటల కౌన్సెలింగు కావలెనని

లాలాగూడ, సికింద్రాబాద్.

కాలేజీ ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కాలేజీలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్న నా మనవరాలు దుర్గతో మాట్లాడుటకు ఒక మనిషిని నియమించుట గురించి.

రైల్వే క్వార్టర్స్‌లో నివాసముంటున్న బొడ్డు లోవమ్మ అను నేను చదువురానిదానను. ఎదురింటి జోగారావు గారు గేటవతల కుర్చీ వేసుకుని, మూతికి మాస్కుతో, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారు. "మానసిక అస్వస్థత" అని ఆయన మొదలుపెడితే నేనే ఆ మాట కొట్టేయించాను. పిల్లకు పిచ్చని ఫైలులో ఎక్కితే రేపు ఎవరు చెరుపుతారు?

1. లాక్‌డౌన్ మొదలు కాలేజీ సెల్‌ఫోనులోకి వచ్చినది. దుర్గ గోడవైపు తిరిగి పడుకుంటుంది. పక్కన ఫోను తన పాఠం తాను చెప్పుకుంటూ ఉంటుంది. తమ రిజిస్టరులో పిల్ల హాజరు. నా ఇంట్లో గైర్హాజరు. నా కొడుకు పోలరాజు, కోడలు డ్యూటీలకు పోయాక మేమిద్దరమే. "ఏటయ్యిందే తల్లీ" అంటే, "నాకేం కాలేదు నానమ్మా. ఏమీ కావట్లేదు, అంతే" అంది. ఆ మాట నాకు అర్థమైంది. ఇంకొకరికి చెప్పమంటే చెప్పలేను.

2. మనసు బాగోని విద్యార్థులు కౌన్సెలింగుకు ఫలానా నంబరుకు ఫోను చేయవలెనని తమ కాలేజీ వారే మెసేజీ పెట్టియున్నారు. పిల్ల చేసింది. "కౌన్సెలింగ్ కావాలి సార్" అని అడగడం వంటింట్లోంచి విన్నాను. అవతల ఏమన్నారో, "సారీ సార్, రాంగ్ నంబర్" అని పెట్టేసింది. ఆ పూట అన్నానికి లేవలేదు.

3. మరునాడు జోగారావు గారిచేత నేనే చేయించి మాట్లాడాను.

"కౌన్సెలింగ్ అయిపోయిందమ్మా. సీట్లు లేవు."

"సీటుంది బాబూ. నిద్ర లేదు పిల్లకి."

"ఏ రౌండ్‌ల వచ్చింది? జెర ర్యాంక్ కార్డ్ పట్టుకొని రండి."

"పిల్ల గదిలోంచి రాట్లేదంటే ర్యాంకంటావేటి?"

"అమ్మా, ఇది అడ్మిషన్ సెక్షన్. మాకు తెలిసింది గదే కౌన్సెలింగ్. నన్నెందుకు పరేషాన్ చేస్తరు?"

ఆ అబ్బాయి తప్పు లేదని జోగారావు గారంటారు. ఆ నంబరు పెట్టినవారిది తప్పని నేనంటాను.

4. దుర్గ ఏదీ రెండోసారి అడిగే పిల్ల కాదు. బడిలో దాహమని లేస్తే, మేష్టారు కూర్చోమంటే, ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగేది కాదు. ఇప్పుడు ఒకసారి అడిగేసింది. ఇక అడగదు. నాకదే భయం.

కావున కాలేజీ నుంచే, నిదానంగా మాట్లాడే ఆడమనిషి చేత దుర్గకు ఫోను చేయించవలెను. హాజరు, పరీక్షల సంగతి ఎత్తరాదు. పిల్ల తీయకపోతే మళ్లీ చేయవలెను. మళ్లీ తీయకపోయినా చేయవలెను. నేను అర్జీ పెట్టినట్టు దుర్గ దాకా పొక్కరాదు. జాప్యమైన యెడల నేనే మాస్కు కట్టుకొని వచ్చి తమ గది ముందు కూర్చోగలను.

ఈ ముసలిదాని మొర చిత్తగించి, ఈ వేళే ఆ ఫోను చేయించవలెను.

తమ విధేయురాలు,
బొడ్డు లోవమ్మ
(వేలిముద్ర)

తా.క.: జోగారావు గారు కాగితం మడవబోతుంటే ఆపి రాయిస్తున్నాను. ఆ ఫోను చేసే అమ్మాయి, దుర్గతో మాటలయ్యాక, తొందర లేకపోతే ఫోను నాకిప్పించవలెను. ఇది పైన రాసినదానికి విరుద్ధమని ఆయన అంటున్నారు. అయినా రాయమన్నాను. నాకు జబ్బేమీ లేదు. ఊరికే.